పొగరుబోతు పాత్ర మీద పాఠకుడికి ప్రేమ పుట్టించడం ఎలా? వెబ్‌కామిక్ రాసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

శ్రీకర్ తన సెక్షన్‌లో ఎవరినీ పేరుతో పిలవడు. ర్యాంకుతో పిలుస్తాడు. "ఏం నలభై ఏడూ, నిద్ర సరిపోయిందా?" "పన్నెండూ, నీ నోట్సు ఇటివ్వు, తప్పులెన్నో చూద్దాం." వారం వారం టెస్టు ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించగానే అందరికంటే ముందు వెళ్లి నిలబడతాడు. తన పేరు పైనే ఉంటుందని అతనికి తెలుసు. మిగిలినవాళ్లను ఈ వారం ఏ అంకెతో పిలవాలో చూసుకోవడానికి వెళ్తాడు.

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ హాస్టల్లో నడిచే ఒక వెబ్‌కామిక్ (ఇంటర్నెట్‌లో ఎపిసోడ్లుగా వచ్చే బొమ్మల కథ) కోసం నేను ఊహించుకున్న పాత్ర ఇతను. మన ఇళ్లలో చాలామంది ఏదో ఒక హాస్టల్లో ఇలాంటివాణ్ణి చూసే ఉంటారు. ఇతన్ని మొదట చూడగానే చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించాలి. పది ఎపిసోడ్లు గడిచేసరికి ఇతను కనిపించని వారం వెలితిగా అనిపించాలి. ఈ రెండింటి మధ్య చేయాల్సిన పని ఏమిటో ఇతన్నే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి. మొదటిసారి ఇలాంటి పాత్ర రాసినప్పుడు పన్నెండో ఎపిసోడ్‌లో అతన్ని ఏడిపించాను. చిన్నప్పుడే తల్లి పోయిందని ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టాను. ఆ తర్వాత అతను అందరితో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పటిదాకా "ఈ వారం ఏం చేశాడు?" అని అడుగుతూ వచ్చిన నా స్నేహితురాలు అడగడం మానేసింది. కారణం అడిగితే, "ఇప్పుడు వాడు అందరిలాగే అయిపోయాడు కదా" అంది. ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. పాఠకుడికి కావాల్సింది పొగరు కరిగిపోవడం కాదు. ఆ పొగరు కళ్లతోనే అతను ఎదుటివాడి బాధ చూశాడని తెలియడం.

1. పొగరుకి ఒక అలవాటు ఇవ్వండి

"ఇతను పొగరుబోతు" అని నోట్‌బుక్‌లో రాసుకుంటే బొమ్మ వేయడానికి ఏమీ దొరకదు. కనుబొమ్మ ఎగరేయడం, చేతులు కట్టుకుని నిలబడటం, ఓరగా నవ్వడం అన్ని కామిక్స్‌లోనూ ఉంటాయి. మీ పాత్ర మాత్రమే చేసే ఒక పని కావాలి. అది వారం వారం కనబడాలి. శ్రీకర్‌కి ర్యాంకులతో పిలవడం ఉంది. కచేరీలో ముందు వరసలో కూర్చుని, మృదంగం వాయించేవాడు తాళం తప్పినప్పుడల్లా ఒక వేలు ఎత్తే విద్వాంసుడు కావచ్చు. పెళ్లివంటల దగ్గర ఎవరు చేసిన పులుసైనా ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, మాట్లాడకుండా మంచినీళ్లు అడిగే వంటమేస్త్రీ కావచ్చు.

ఆ పొగరుకి తగ్గ పనితనం కూడా ఉండాలి. శ్రీకర్ నిజంగానే ఫస్ట్ ర్యాంకు తెచ్చుకుంటాడు. వంటమేస్త్రీ చేతి పులుసు నిజంగానే ఊళ్లో అందరికంటే బాగుంటుంది. పని చేతకాకుండా గొప్పలు పోయేవాడు వేరే రకం పాత్ర, వాడితో వచ్చేది కామెడీ.

ఇక్కడే ఒక గీత గీసుకోవాలి. "నలభై ఏడూ" అని పిలిస్తే చురుక్కుమంటుంది, కానీ వచ్చే వారం అది ముప్ఫై కావచ్చు. ఒంటి రంగు, కులం, నత్తి, ఇంట్లో లేమి వేరే సంగతి. మార్చుకోలేని వాటి మీద మీ పాత్ర వెటకారం చేస్తే, చిన్నప్పుడు అదే మాట పడ్డ పాఠకుడు ఆ రోజే వెళ్లిపోతాడు. తర్వాత మీరు ఎంత మంచి సీను రాసినా అది చదవడానికి అతను అక్కడ ఉండడు. వెళ్లిపోవడం అతని తప్పు కూడా కాదు.

2. గొప్పలు పోయే కన్నుతోనే బాధను చూపించండి

నా దృష్టిలో మొత్తం పనికి గుండెకాయ ఈ మెట్టు, అందుకే తొందరపడొద్దు. శ్రీకర్ ర్యాంకుల లిస్టు అంత శ్రద్ధగా ఎందుకు చూస్తాడు? పొగరు వల్ల. కానీ ఆ శ్రద్ధ వల్లే ఎవరి ర్యాంకు ఉన్నట్టుండి పడిపోయిందో సెక్షన్ మొత్తంలో అతనికే ముందు తెలుస్తుంది. లెక్చరర్లకంటే, రూమ్మేట్లకంటే ముందు తెలుస్తుంది. తాళం తప్పినప్పుడల్లా వేలెత్తే విద్వాంసుడికే మృదంగం వాయించేవాడి కుడి మణికట్టు నొప్పెడుతోందని ముందు తెలుస్తుంది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడిందని నాలుక చెప్పగానే, వండినామె మనసు ఇక్కడ లేదని వంటమేస్త్రీకే తెలుస్తుంది.

ఒక కాగితం తీసుకుని ఈ వాక్యం పూర్తి చేయండి: "ఇతను ఫలానాది గమనిస్తాడు కాబట్టి గొప్పలు పోతాడు. అదే గమనించడం వల్ల ఫలానావాడి కష్టం ఇతనికే ముందు తెలుస్తుంది." రెండో భాగం పూరించలేకపోతే మొదటి మెట్టుకి వెళ్లి అలవాటు మార్చండి. నేను ఈ వాక్యం కుదరక మూడు పాత్రల్ని పక్కన పెట్టేశాను. ఆ సమయం వృథా అయిందని ఎప్పుడూ అనుకోలేదు.

హాలీవుడ్ స్క్రిప్టు రచనలో "పిల్లిని కాపాడటం" అనే మాట వాడుకలో ఉంది. కథ మొదట్లోనే హీరో చేత ఏదో ఒక మంచి పని చేయిస్తే ప్రేక్షకుడు అతని వైపు మొగ్గుతాడని దాని ఉద్దేశం. పొగరుబోతు పాత్ర దగ్గర దీన్ని అలాగే వాడితే పని జరగదు. శ్రీకర్ చేత వీధికుక్కకి బిస్కెట్లు పెట్టించామనుకోండి. ఆ పని సెక్షన్‌లో ఎవరైనా చేయగలరు. అందులో శ్రీకర్ లేడు, రచయిత చెయ్యి మాత్రమే ఉంది. అతని మంచితనం అతను తప్ప ఇంకెవరూ చేయలేని పనిలో కనబడాలి.

3. ముందే విత్తనాలు వేయండి

2004లో కొరియాలో నేవర్ సంస్థ వెబ్‌టూన్ సర్వీసు మొదలుపెట్టింది. కిందికి జరుపుకుంటూ చదివే ఈ తరహా కామిక్ అక్కణ్ణుంచే ప్రపంచమంతా పాకింది. మన పాఠకుడు కూడా ఇప్పుడు బస్సులో, చిన్న ఫోన్ తెర మీద, బొటనవేలితో జరుపుతూ చదువుతాడు. ఒక ఎపిసోడ్‌కీ ఇంకో ఎపిసోడ్‌కీ మధ్య వారం గడుస్తుంది. ఆ వారంలో డైలాగులు మరిచిపోతాడు, బొమ్మలు మాత్రం గుర్తుంటాయి. అందుకని విత్తనాన్ని, అంటే రాబోయే సీనుకి ముందే ఇచ్చే చిన్న సూచనని, మాటలో కంటే బొమ్మలో దాచండి. అది ఒక మూలన ఉన్నా ఫోన్ తెర మీద కనబడేంత పెద్దదిగా ఉండాలి.

మన కథలో హాస్టల్ పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ఆదివారం సాయంత్రం వార్డెన్ గది ముందు క్యూ కట్టి, ఒక్కొక్కరు మూడు నిమిషాలు ఇంటికి మాట్లాడుకోవాలి. మూడో ఎపిసోడ్‌లో శ్రీకర్ వంతు వస్తుంది. రిసీవర్ ఎత్తి "ఫస్టే. ఉంటా" అని పెట్టేస్తాడు, అంతే. వెనకాల ఉన్నవాళ్లు మొహాలు చూసుకుంటారు. పాఠకుడు దాన్ని పొగరనే అనుకుంటాడు, అనుకోనివ్వండి.

అయిదో ఎపిసోడ్‌లో నోటీసు బోర్డు. శ్రీకర్ వేలు లిస్టు మీద పైనుంచి కిందికి జారుతూ ఎక్కడో బాగా కింద ఆగుతుంది. ఆ వరసలో ఏ పేరుందో చూపించొద్దు. తర్వాతి ప్యానెల్‌లో, అంటే తర్వాతి బొమ్మ గడిలో, అతను ఎప్పటిలాగే ఎవణ్ణో ఏడిపిస్తుంటాడు. విత్తనాలు రెండు చాలు. మూడోది వేస్తే తెలివైన పాఠకుడు పట్టేస్తాడు, సీను వచ్చేసరికి "అనుకున్నానులే" అంటాడు.

4. ఆ సీనుని ప్యానెల్ ప్యానెల్‌గా కట్టండి

ఆరో ఎపిసోడ్. మళ్లీ ఆదివారం, మళ్లీ ఫోన్ క్యూ. వంశీ, అంటే మన నలభై ఏడు, మాట్లాడుతున్నాడు. "అమ్మా, నాన్న అన్నం తింటున్నాడా? స్కానింగ్‌లో ఏమన్నారు? చెప్పమ్మా, ఏమన్నా..."

మొదటి ప్యానెల్: వార్డెన్ వేలు ఫోన్ మీద మీట నొక్కి ఉంటుంది. "మూడు నిమిషాలైంది." రిసీవర్ ఇంకా వంశీ చెవి దగ్గరే ఉంటుంది.

రెండో ప్యానెల్: వెనకాల శ్రీకర్. "జరుగు నలభై ఏడూ. నా టర్న్."

మూడో ప్యానెల్: రిసీవర్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి. చేతులు మాత్రమే కనబడాలి.

నాలుగో ప్యానెల్: "నంబర్ చెప్పు." "ఎవరిది?" "మీ అమ్మది. నీ ర్యాంకు గుర్తుపెట్టుకుంటున్నా కదా, ఫోన్ నంబర్ కూడా నేనే గుర్తుపెట్టుకోవాలా?"

అయిదో ప్యానెల్: డయల్ చేసి రిసీవర్ వంశీ చేతిలో పెడతాడు. "నా మూడు నిమిషాలు నువ్వు వాడుకో. మావాళ్లకి చెప్పడానికి కొత్తగా ఏముంది, మళ్లీ ఫస్టే కదా."

తర్వాత ఖాళీ. దాని కింద పొడవైన వరండా, నడిచి వెళ్తున్న శ్రీకర్ వీపు, దూరంగా ఫోన్ మీదికి వంగిన వంశీ.

చివరి మాట చూడండి. అది గొప్పలు పోయే మాటే. అదే డైలాగుని మూడో ఎపిసోడ్‌లో పెట్టి ఉంటే పాఠకుడికి ఒళ్లు మండేది. ఇక్కడ ఆ మాట వంశీకి మొహమాటం లేకుండా చేస్తోంది, అవతలివాడు థాంక్స్ చెప్పాల్సిన అవసరం కూడా లేకుండా చేస్తోంది. దయ చూపించి తప్పుకోవడానికి శ్రీకర్‌కి తెలిసిన దారి పొగరు ఒక్కటే.

అతను వదులుకున్నది ఏమిటో కూడా చూడండి. వారానికి దొరికేది మూడు నిమిషాలు, అవన్నీ ఇచ్చేశాడు. ఏమీ వదులుకోకుండా చూపించిన జాలిని పాఠకుడు నమ్మడు. అలాగని ప్రాణాలకు తెగించే త్యాగం కూడా వద్దు. చిన్నదే, కానీ ఆ హాస్టల్లో దాని విలువ ఏమిటో అందరికీ తెలిసింది కావాలి.

ఖాళీ గురించి ఒక కొలత చెబుతాను. నేను 800 పిక్సెళ్ల వెడల్పు పేజీలో వేస్తాను. మామూలు ప్యానెళ్ల మధ్య 200 పిక్సెళ్లు వదులుతాను. ఇక్కడ వెయ్యి వదులుతాను, అంటే బొటనవేలు ఒకసారి పూర్తిగా జరిపేంత తెల్లకాగితం. ఆ ఖాళీలో పాఠకుడే శ్రీకర్ ముఖం గీసుకుంటాడు. మీరు గీసిన ముఖం దానికి సాటిరాదు. కాబట్టి ముఖం చూపించొద్దు, కంట్లో తడి వద్దు, పెదవి చివర చిరునవ్వూ వద్దు.

ఇంకో ప్రశ్న వస్తుంది. ఇది నిజంగా జాలేనా, లేక ఇంటికి ఫోన్ చేయడం శ్రీకర్‌కే ఇష్టం లేదా? మూడో ఎపిసోడ్‌లో అతను రెండు మాటలకే ఫోన్ పెట్టేశాడు కదా. రెండూ నిజమే అయితే సీను ఇంకా బలపడుతుంది. మనందరికీ తెలిసిన కురురంగం చూడండి. కృపాచార్యుడు వంశం చెప్పమని అడిగితే కర్ణుడు తలదించుకున్నాడు. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యానికి అభిషేకం చేయించాడు. అర్జునుడికి దీటైన విలుకాడు తన పక్కన ఉండాలనే లెక్క అందులో ఉంది. అయినా అంత సభలో ఆ అవమానాన్ని చూసి లేచినవాడు అతనొక్కడే. మన పద్యనాటకాల్లో దుర్యోధనుడికి చప్పట్లు పడటానికి ఈ ఘట్టం పెద్ద కారణమని నా నమ్మకం. స్వార్థం ఉందని తెలిసీ చప్పట్లు కొడతాం. పూర్తిగా స్వచ్ఛమైన మంచితనం ఒక పొగరుబోతు దగ్గర దొరికితే మనకే అనుమానం వస్తుంది.

5. పిలుపుని వాడుకోండి

ఇంగ్లీషులో రాసేవాళ్లకి ఒక్క "యూ" ఉంది. మనకి నువ్వు, మీరు, ఏరా, ఒరేయ్, అన్నా, అక్కా, బాబాయ్ ఉన్నాయి. మనసు మారడాన్ని ఒక్క పిలుపుతో చెప్పగల భాష మనది. దీన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది. మీ పాత్ర ఎవరిని ఏమని పిలుస్తాడో పూర్తిగా రాసి గోడకి అంటించుకోండి. కథ మొత్తంలో అందులో ఒకటో రెండో మాత్రమే మార్చండి.

మెస్‌లో వడ్డించే ఆమెని పిల్లలందరూ ఆంటీ అంటారు. శ్రీకర్ ఏమీ అనడు, ప్లేటు చాపుతాడు అంతే. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఆమె చేతికి కట్టు ఉంటుంది, వేడి గంజి పడింది. శ్రీకర్ అంటాడు: "అక్కా, గరిటె ఇటివ్వండి, నేనే వేసుకుంటా. మీరు వేస్తే ఎప్పుడూ పల్చటి సాంబారే వస్తుంది." వెటకారం అలాగే ఉంది. కానీ "అక్కా" అన్నాడు, "ఇవ్వండి" అన్నాడు. వెనకాల క్యూలో ఉన్నవాళ్లు కూడా తమ గరిటె తామే అందుకోవడం ఒక చిన్న బొమ్మలో చూపిస్తే చాలు.

"అక్కా" అనే మాటని పెద్ద అక్షరాల్లో గానీ రంగులో గానీ వేయకండి. నేను మామూలు మాటలకి మండలి లాంటి సన్నటి ఫాంటూ, అరుపులకి రామభద్ర లాంటి లావుపాటి ఫాంటూ వాడతాను. ఇలాంటి మాట ఎప్పుడూ సన్నటి ఫాంటులోనే ఉండాలి. వరసల మధ్య వత్తులకి సరిపడా చోటు వదలండి. డైలాగు రాసే బుడగ ఇరుకై మాట చదవడానికే పాఠకుడు కష్టపడితే అందులో మార్పు గమనించే ఓపిక ఉండదు.

6. తర్వాతి ఎపిసోడ్‌లో మళ్లీ పొగరుగానే తీసుకురండి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సీను పండింది కదా అని తర్వాతి వారం కూడా అలాంటిదే పెడతారు. పెట్టకండి. సోమవారం పొద్దున్నే శ్రీకర్ వంశీతో "మూడు నిమిషాలు వాడుకున్నావుగా, ఫిజిక్స్ రికార్డు తీసుకురా" అనాలి. వంశీ విసుక్కుంటూ తేవాలి.

దీని వెనక మనస్తత్వశాస్త్రం కూడా ఉంది. 1965లో ఎలియట్ ఆరన్సన్, డార్విన్ లిండర్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తమ గురించి మొదటినుంచీ మంచిగానే మాట్లాడిన మనిషికంటే, మొదట చెడుగా మాట్లాడి తర్వాత నెమ్మదిగా మంచి మాటకి వచ్చిన మనిషినే జనం ఎక్కువ ఇష్టపడ్డారు. పొగరుబోతు నోటి నుంచి వచ్చే ఒక్క మెత్తటి మాటకి అంత బరువు ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మెత్తటి మాటలు మామూలైపోతే ఆ బరువు పోతుంది. నేను రెండు మూడు ఎపిసోడ్లకి ఒకసారి మించి ఇవ్వను.

ఇంకొకటి: "నువ్వు పైకి అలా ఉంటావుగానీ లోపల మంచోడివిరా" అని ఏ పాత్ర చేతా అనిపించొద్దు. ఆ మాట పాఠకుడు తనంతట తాను అనుకోవాలి. మీరే చెప్పేస్తే అతను కనిపెట్టడానికి ఏమీ మిగలదు.

7. గాయపడినవాళ్లని మరిచిపోకండి

పన్నెండో ర్యాంకువాడు గుర్తున్నాడా? అతని నోట్సులో తప్పుల్ని శ్రీకర్ క్లాసంతా వినేలా చదివాడు. ఫోన్ సీను జరిగినంత మాత్రాన అతని మనసులో ముల్లు పోదు. అతను శ్రీకర్‌ని చివరిదాకా ఇష్టపడకపోవచ్చు, అతని పక్షాన న్యాయం ఉంది. అలాంటి పాత్రని కథలో ఒకణ్ణయినా ఉంచండి. అతన్ని అసూయపరుడిగానో చిన్నబుద్ధివాడిగానో చూపించకండి. ఒక మంచి పనితో పాత లెక్కలన్నీ చెల్లిపోయాయని మీరు అనడం లేదని తెలిస్తే పాఠకుడు మిమ్మల్ని నమ్ముతాడు. ఆ నమ్మకంతోనే శ్రీకర్‌కి దగ్గరవుతాడు.

8. బుడగలు తీసేసి పరీక్ష పెట్టండి

సీను గీశాక డైలాగులు తీసేసి, మూడు నాలుగు ఎపిసోడ్ల బొమ్మల్ని ఒకరి ఫోన్‌లో పెట్టి ఇవ్వండి. పక్కన కూర్చుని వాళ్ల బొటనవేలు చూడండి. నాలుగో మెట్టులో వదిలిన ఖాళీ దగ్గర వేలు ఆగకపోతే ఖాళీ చాలలేదు, లేదా ముందు ప్యానెల్ బలంగా లేదు. తర్వాత బుడగలతో ఇంకొకరికి ఇవ్వండి. "నచ్చిందా?" అని అడగొద్దు, మన ముందు ఎవరైనా నచ్చిందనే అంటారు. "వీడు ఎందుకలా చేశాడు?" అని అడగండి. ఇద్దరు రెండు రకాల జవాబులు చెబితే సీను ప్రాణంతో ఉన్నట్టు. అందరూ "మంచోడు కాబట్టి" అంటే తీపి ఎక్కువైంది, మళ్లీ గీయండి.

9. పెద్ద ముక్కని ఆఖరికి దాచండి

వంశీ ర్యాంకు పడిపోతుంది. నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం రాసిన టెస్టులో నూట పన్నెండు వస్తుంది. ఇప్పుడు సెక్షన్‌లో మిగిలినవాళ్లు శ్రీకర్‌ని అనుకరిస్తూ వంశీని "నూట పన్నెండూ" అని పిలవడం మొదలుపెడతారు. పదకొండో ఎపిసోడ్‌లో శ్రీకర్ వస్తాడు.

"ఏం నలభై ఏడూ, లేవలేదా ఇంకా?"

"నా ర్యాంకు నూట పన్నెండు. చూశావుగా."

"అది నీ ర్యాంకు కాదు. నాలుగు రోజులు నిద్రలేకుండా రాసినవాడిది. వాడితో నాకు పరిచయం లేదు."

మొదటి ఎపిసోడ్‌లో అవమానంగా వినిపించిన అంకె ఇక్కడ చెయ్యి పట్టుకుని నిలబెడుతుంది. అలవాటు మారలేదు, మాట మారలేదు. అయిదో ఎపిసోడ్‌లో అతని వేలు ఆగిన వరస ఎవరిదో ఇప్పుడు పాఠకుడికి తెలుస్తుంది. చాలామంది అప్పుడు వెనక్కి వెళ్లి ఆ ప్యానెల్ మళ్లీ చూస్తారు.

ఇక మిగిలింది ఒక్కటే, శ్రీకర్ ఇచ్చింది అతనికి తిరిగి రావాలి. ఒక సోమవారం బోర్డు మీద శ్రీకర్ పేరు మూడో వరసలో ఉంటుంది. ఎప్పటిలాగే అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాడు, కానీ అక్కణ్ణుంచి కదలడు. వెనకాల గుంపు చేరుతుంది. ఇప్పుడు ఇతన్ని ఎవరు ఏమని పిలుస్తారా అని అందరూ ఎదురుచూస్తుంటారు. పన్నెండో ర్యాంకువాడు కూడా అక్కడే ఉంటాడు, ఏమీ అనడు. గుంపులోంచి వంశీ గొంతు వినిపిస్తుంది.

"ఒకటీ, మెస్ మూసేస్తున్నారు. రా."

ఇన్ని ఎపిసోడ్లుగా ఇలాంటి చోట్ల దాచుకుంటూ వచ్చిన ముఖాన్ని ఇక్కడ గీయండి. పేజీ వెడల్పంతా ఇవ్వండి, బుడగ పెట్టకండి.